గేటుకు తాళం పడ్డాక: ఆసరా కార్మికుడికా, ఊరికా?

ఫ్యాక్టరీ మూతపడిన ఊళ్లో అన్నిటికంటే ముందు మూగబోయేది సైరన్. అన్నాళ్లూ ఆ కూతను బట్టే ఇంట్లో పొయ్యి వెలిగేది, పిల్లలు బడికి కదిలేవారు, గేటు ఎదుటి హోటల్లో రెండో వాయి ఇడ్లీ దిగేది. అది ఆగాక మొదట గేటు మీటింగులు, తర్వాత రిలే దీక్షలు, ఆ తర్వాత కలెక్టరేట్‌కు వినతిపత్రాలు. కొన్నేళ్లు గడిచేసరికి ఊరు ఆ ఫ్యాక్టరీని ఎన్నికలప్పుడే తలుచుకుంటుంది.

ఇలాంటి చోట ప్రభుత్వం ఏం చేయాలన్న ప్రశ్న కొత్తది కాదు. దీనిమీద మన దేశంలో డెబ్భై ఏళ్ల చట్టం ఉంది, ప్రపంచంలో తొంభై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది. అయినా చర్చ చిక్కుపడి ఉంది. ఒకరు పరిహారం అంటే మరొకరు శిక్షణ అంటారు. ఒకరు కార్మికుడి సంగతి చెబుతుంటే మరొకరు ఊరి సంగతి అందుకుంటారు. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి రావడంతో పాత వాదనలకు కొత్త అంకెలు తోడయ్యాయి. ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో ఒకసారి లెక్క తీసి చూసుకోవడం అవసరం. అలా చూసినప్పుడు ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అన్ని పక్షాలూ డబ్బును లెక్కపెట్టాయి. గేటుకు తాళం పడ్డ రోజుకూ, ఏదో ఒకటి తేలిన రోజుకూ నడుమ కరిగిపోయిన ఏళ్లను మాత్రం దాదాపు ఎవరూ లెక్కపెట్టలేదు.

మరియెంతాల్ చెప్పిన మొదటి పాఠం

ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గరగా మరియెంతాల్ అనే చిన్న ఊరు ఉంది. ఊరంతటికీ ఆధారమైన బట్టల మిల్లు 1929-30ల్లో మూతపడింది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే ముగ్గురు పరిశోధకులు తమ బృందంతో ఆ ఊరిని అధ్యయనం చేసి 1933లో పుస్తకం వేశారు. ఆకలి గురించీ అప్పుల గురించీ అందులో ఉంది గానీ, చదివినవారికి గుర్తుండిపోయేది వేరు. కార్మికుల గ్రంథాలయంలో రుసుము ఎత్తేశారు. చేతినిండా ఖాళీ సమయం ఉంది. అయినా పుస్తకాలు తీసుకెళ్లడం సుమారు సగానికి పడిపోయింది. పరిశోధకులు వీధిలో జనం నడకను కూడా గడియారం పట్టుకుని చూశారు. మగవాళ్లు ఆడవాళ్లకంటే నెమ్మదిగా నడుస్తున్నారు, పదే పదే ఆగుతున్నారు. ఇంటి చాకిరీ ఆడవాళ్ల రోజుకు ఒక వరస మిగిల్చింది. మగవాళ్ల రోజుకు ఆ వరస లేకుండా పోయింది. పని పోయినవాళ్లు తిరగబడతారని అనుకున్న చోట నిస్సత్తువ కనిపించింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో దేశాలు తలా ఒక దారి పట్టాయి. విదేశీ దిగుమతుల వల్ల పని పోయినవారికి సాయం చేస్తామని అమెరికా 1962లో చట్టం చేసింది. షరతులు ఎంత బిగుసుగా ఉన్నాయంటే 1969 దాకా ఒక్క దరఖాస్తు కూడా ఆమోదం పొందలేదు. బ్రిటన్ 1965లో ఉద్వాసన పరిహారాన్ని చట్టబద్ధం చేసింది. 1977 సెప్టెంబరు 19న ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్‌లో ఉక్కు కంపెనీ ఒక్క ప్రకటనతో సుమారు 5,000 మందిని వీధిన పడేసింది. అలాంటి దెబ్బల తర్వాతే 1988లో అమెరికా పెద్ద సంస్థలకు 60 రోజుల ముందస్తు నోటీసును తప్పనిసరి చేసింది. యూరోపియన్ యూనియన్ 2007లో ప్రత్యేక నిధి పెట్టింది. మొదట కనీసం 1,000 మందికి పని పోతేనే సాయం, తర్వాత 500, 2021 నుంచి 200. ఆ అంకె దిగుతూ రావడం చూస్తే, చిన్న ఊరికి చిన్న ఫ్యాక్టరీయే పెద్ద దిక్కన్న సంగతి వాళ్లకు ఎంత ఆలస్యంగా ఎక్కిందో తెలుస్తుంది.

మన చట్టం నడిచిన దారి

మనకు మూలం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. 1953 సవరణ ఉద్వాసనకు, 1957 సవరణ మూసివేతకు పరిహారం తెచ్చాయి. పూర్తి చేసిన ప్రతి సర్వీసు సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం. ఆ పదిహేను ఇవాళ్టికీ పదిహేనే. నెలకు 12,000 రూపాయల జీతంతో 20 ఏళ్లు పని చేసిన మనిషికి వచ్చేది సుమారు 1,20,000 రూపాయలు, అంటే పది నెలల జీతం. గ్రాట్యుటీ, పీఎఫ్ వేరుగా వస్తాయి. కానీ అవి అతను ఏనాడో చెమటోడ్చి దాచుకున్న సొమ్ము. పని పోయినందుకు ఇచ్చేది ఆ పది నెలలదే. పెన్షన్ వయసు వచ్చాక ఈపీఎఫ్ పథకం కింద హామీ ఉన్న కనీస మొత్తం 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు.

ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, 300 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలు మూయాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలన్నారు. ఎక్సెల్ వేర్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఆ మూసివేత నిబంధనను కొట్టేసింది. 1982లో పార్లమెంటు దాన్ని సరిదిద్ది, పరిమితిని 100కు దించి మళ్లీ తెచ్చింది. 2002లో కోర్టు ఈ కొత్త రూపాన్ని సమర్థించింది. నాలుగు కార్మిక స్మృతుల్లో ఒకటైన 2020 పారిశ్రామిక సంబంధాల స్మృతి ఆ పరిమితిని తిరిగి 300కు చేర్చింది. దానికి బదులన్నట్టుగా, తొలగించిన ప్రతి కార్మికుడి పేరా యజమాని 15 రోజుల వేతనాన్ని పునఃశిక్షణ నిధికి కట్టాలనీ, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలనీ చెప్పింది. పదిహేను రోజుల జీతంతో నలభై అయిదేళ్ల మనిషి ఏ కొత్త విద్య నేర్చుకోగలడో స్మృతి చెప్పలేదు.

ఈ అనుమతుల కథలో అసలు ముడి వేరే చోట పడింది. అనుమతి దొరకదు, పరిహారం ఇచ్చే ఉద్దేశమూ లేదు. అలాంటప్పుడు యాజమాన్యాలు మూయకుండా మూసే విద్య నేర్చుకున్నాయి. లేఆఫ్ అంటారు, లాకౌట్ అంటారు, కరెంటు బిల్లు కట్టక లైను తెగే దాకా ఊరుకుంటారు. కాగితం మీద ఫ్యాక్టరీ బతికే ఉంటుంది కాబట్టి మూసివేత పరిహారం అడగడానికి తేదీ ఉండదు.

1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం, దాని కింద ఏర్పడిన బోర్డు బీఐఎఫ్‌ఆర్ ఈ మధ్యకాలాన్ని ఏళ్ల తరబడి సాగదీశాయి. 2016లో వాటి స్థానంలో దివాలా స్మృతి వచ్చింది. లిక్విడేషన్‌కు ముందు 24 నెలల జీతం బకాయిలకు, తాకట్టు ఉన్న బ్యాంకులతో సమాన హోదా ఇచ్చింది. పీఎఫ్, గ్రాట్యుటీ, పెన్షన్ నిధులను కంపెనీ ఆస్తి లెక్కలోంచి తప్పించింది. ఇది నిజమైన ముందడుగు. అయితే 24 నెలలకు ముందటి బకాయిల మాటేమిటి? ఆ గీత అవతల పడ్డ జీతం వరసలో కిందికి జారిపోతుంది.

సాయం పథకాల చరిత్ర ఇంతకన్నా పలచన. ప్రైవేటు బట్టల మిల్లులు శాశ్వతంగా మూతపడితే మొదటి ఏడాది జీతంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25 శాతం ఇచ్చే పునరావాస నిధిని 1986లో పెట్టారు. ఒక్కసారిగా చేతిలో పోయకుండా మూడేళ్లు మనిషి వెంట నడిచిన పథకం అది. ఆ ఆలోచనను మిగతా పరిశ్రమలకు విస్తరించకపోవడం మన విధానాల్లో పెద్ద తప్పిదమని చెప్పాలి. 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి వచ్చింది. శిక్షణ, పునరావాసం, కొత్త ఉపాధి దాని ఆశయాలు. ఖర్చులో అత్యధిక భాగం ప్రభుత్వ రంగంలో వీఆర్‌ఎస్ చెల్లింపులకే పోయింది. ఈఎస్ఐ కింద 2005లో ఒకటి, 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పేరుతో మరొకటి నిరుద్యోగ భృతి పథకాలు వచ్చాయి. రెండోదాన్ని 2020లో సగటు వేతనంలో సగానికి పెంచారు. ఇచ్చేది 90 రోజులు, అదీ జీవితంలో ఒక్కసారి.

ఒకరి మాట ఒకరికి అందని పక్షాలు

మూయనివ్వకూడదన్నది మొదటి పక్షం. ఊరి భూమి, నీళ్లు, రాయితీలు తీసుకున్న ఫ్యాక్టరీని యజమాని ఒక్కడే మూయడానికి వీల్లేదని దాని వాదం. విశాఖ ఉక్కు ఉద్యమం ఈ వాదానికి మన దగ్గరి బలమైన రూపం. 2021 జనవరిలో కేంద్రం వందశాతం వాటా అమ్మకానికి నిర్ణయిస్తే, 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని ఆమోదించింది. ఎదుటి పక్షం అడిగేది ఇది: ఆ స్థాయి సొమ్ము ప్రతి ఊరికీ దొరుకుతుందా? దొరకదు. గొంతు పెద్దగా ఉన్న నగరానికి దొరికింది, చిన్న పట్నానికి కమిటీ దొరికింది.

రెండో పక్షం శిక్షణది. పాత పని పోతే కొత్త పని నేర్పితే చాలంటుంది. దీనిమీద పరిశోధనలు ఒకదానితో ఒకటి పొసగవు. 1993లో జేకబ్సన్, లాలాండ్, సలివన్ పెన్సిల్వేనియా కార్మికుల రికార్డులు పరిశీలిస్తే, పాత ఉద్యోగం పోయి అయిదేళ్లు దాటినా సంపాదన సుమారు 25 శాతం తక్కువగానే ఉందని తేలింది. విస్కాన్సిన్‌లోని జేన్స్‌విల్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటు 2008 డిసెంబరులో ఆగాక ఆ ఊరిపై ఎమీ గోల్డ్‌స్టీన్ రాసిన పుస్తకంలో, శిక్షణ తీసుకున్నవారి పరిస్థితి తీసుకోనివారికంటే మెరుగ్గా లేదని లెక్కలతో ఉంది. దీనికి భిన్నంగా అమెరికా దిగుమతి సాయం పథకంపై బెంజమిన్ హైమన్ చేసిన అధ్యయనం, పదేళ్లలో లబ్ధిదారుల మొత్తం సంపాదన సుమారు 50,000 డాలర్లు ఎక్కువని చెప్పింది. ఆ పథకానికి కొత్త దరఖాస్తుల ఆమోదం 2022 జులైలో ఆగిపోయింది. ఈ అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే. శిక్షణ ఒంటరిగా పనిచేయదు. నేర్చుకున్నన్నాళ్లూ ఇల్లు గడవాలి, నేర్చుకున్నాక అందుబాటులో పని ఉండాలి. ఆస్ట్రియాలోని లింజ్‌లో 1987లో మొదలైన ఉక్కు కార్మికుల శిక్షణ సంస్థ ఈ రెండింటినీ కలిపింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు కూడా తమ జీతంలో కొద్ది భాగం దానికి ఇచ్చారు.

మూడో పక్షం ఊరిని చూడమంటుంది. జర్మనీలోని రూర్ ప్రాంతంలో బొగ్గు గనులను ఒక్కసారిగా వదిలేయలేదు. మొదటి గనులు మూతపడుతున్న రోజుల్లోనే, 1965లో, బోఖుమ్‌లో విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. చివరి గని బొట్రోప్‌లో 2018 డిసెంబరులో మూతపడింది. అంటే అర్ధశతాబ్దం. ఖర్చు విపరీతమైంది, కొత్త పరిశ్రమలు రావడం ఆలస్యమైందన్న విమర్శలూ ఉన్నాయి. కానీ గని కార్మికుణ్ని ఖాళీ చేతులతో రోడ్డు మీద వదిలేయకూడదన్న మాట చివరిదాకా నిలిచింది. వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో టాటా స్టీల్ చివరి బ్లాస్ట్ ఫర్నేస్ 2024 సెప్టెంబరు 30న ఆరిపోయింది. సుమారు 2,800 ఉద్యోగాలు పోయే ఆ మార్పులో విద్యుత్ కొలిమి కట్టడానికి బ్రిటన్ ప్రభుత్వం 50 కోట్ల పౌండ్లు ఇచ్చింది. కార్మికులకూ ఊరికీ కలిపి కేటాయించిన నిధి, కంపెనీ వాటాతో సహా, 10 కోట్ల పౌండ్లు. అయిదుకు ఒకటి అన్న ఈ నిష్పత్తి చాలా దేశాల ఆలోచనకు కొలబద్ద లాంటిది.

కార్మికులే నడుపుకోవడం అనే దారి కూడా ఉంది. ముంబైలోని కమానీ ట్యూబ్స్‌ను 1988లో సుప్రీంకోర్టు ఆమోదంతో కార్మిక సహకార సంఘం చేపట్టింది. కొన్నేళ్లు బాగా నడిచి, పెట్టుబడి అందక కుదేలైంది.

ఇక మరియెంతాల్‌కే మళ్లీ వెళదాం. అదే ఊళ్లో, గ్రామట్‌నోయ్‌సీడల్ పురపాలక పరిధిలో, 2020లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఏడాదికి మించి పని లేనివారందరికీ పని హామీ. దీర్ఘకాల నిరుద్యోగం దాదాపు పోయిందనీ, మనుషుల రోజుకు ఒక క్రమం, పదిమందిలో ఒక గుర్తింపు తిరిగి వచ్చాయనీ అధ్యయనకర్తలు చెప్పారు. తొంభై ఏళ్ల కిందట కనిపెట్టిన జబ్బుకు అక్కడే మందు వేసి చూశారు.

మన ఊళ్లు పక్కపక్కన

ఈ వాదాలన్నిటినీ మన నేల మీద పెట్టి చూస్తే ఒక్కో ఊరు ఒక్కో సమాధానం చెబుతుంది.

సింగరేణిది ఒక రకం. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. భూగర్భ గని మూస్తే పర్మనెంట్ కార్మికుణ్ని మరో గనికి పంపారు. ఉద్యోగం నిలిచింది. కానీ బొగ్గుకు పుట్టినిల్లయిన ఇల్లెందు, ఒకప్పుడు కళకళలాడిన బెల్లంపల్లి వెలవెలబోయాయి. మనిషిని కాపాడారు, ఊరిని వదిలేశారు.

హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్ మూతపడింది, కానీ అది నేర్పిన విద్య నగరమంతా పాకింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు, ఇంకెందరో అదే బాటన నడిచారు. అది కెమిస్టుల కథ. బాయిలర్ దగ్గర పనిచేసినవాడి నైపుణ్యానికి అన్ని కాళ్లు రాలేదు. వరంగల్‌లో 1934 నాటి ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడితే నగరం పెద్దగా చలించకుండా పెరిగింది. మిల్లు భూమికి మాత్రం ధర వచ్చింది. కార్మికులు ఇంటి స్థలాల కోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. ముంబైలో ఇదే కథ ఇంకా పెద్ద కొలతలో జరిగింది. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. వారిలో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు ఎందరో. సమ్మె తర్వాత ఒక్కొక్కటిగా మూతపడిన మిల్లుల భూముల్లో కార్మికుల ఇళ్లకు వాటా ఇస్తామన్న నిబంధనను 2001లో కుదించారు. దరఖాస్తు పెట్టిన లక్షన్నర మందికి పైగా కార్మికులు, వారసుల్లో ఇల్లు దక్కింది కొద్దిమందికే.

రామగుండంలో 1999లో మూతపడ్డ ఎరువుల కర్మాగారం స్థానంలో 2021లో గ్యాస్‌తో నడిచే కొత్త ప్లాంటు యూరియా తీయడం మొదలుపెట్టింది. నడుమ ఇరవై రెండేళ్లు. ఫ్యాక్టరీ తిరిగి వచ్చింది, అప్పటి కార్మికుడికి మాత్రం రిటైర్మెంట్ వయసు వచ్చేసింది.

కాగజ్‌నగర్ పేరులోనే కాగితం ఉంది. కొత్తపేట అనే పల్లె మిల్లుతోపాటే పట్నమైంది. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి, దివాలా స్మృతి దారిలో జేకే పేపర్ చేతికి వెళ్లి, రాష్ట్ర ప్రభుత్వ రాయితీలతో 2018లో మళ్లీ తెరుచుకుంది. నాలుగేళ్లలో తెరుచుకోవడం మన లెక్కల్లో వేగమే. అంత వేగంగా జరిగినా, కాగజ్‌నగర్ ఇవాళ్టికీ ఒక్క మిల్లు ఊరే. రాయితీల గడువు తీరాక ఏమిటన్నది అలాగే ఉంది.

తేలనివి

కంపెనీ క్వార్టర్లలో చాలాచోట్ల కరెంటు మీటరు మిల్లు పేరు మీద ఉంటుంది. మిల్లు బిల్లు కట్టకపోతే వంటింట్లో బల్బు ఆరిపోతుంది, మోటారు తిరగక కుళాయి ఎండిపోతుంది. అయినా ఖాళీ చేయరు. లెక్క తేలకముందే క్వార్టర్ అప్పగిస్తే చేతిలో మిగిలిన ఒక్క పట్టూ పోతుందని భయం. ఇలా చీకట్లో కూర్చుని గడిపిన ఏళ్లకు ఏ చట్టంలోనూ పద్దు లేదు. సైరన్ ఆగిన రోజు నుంచే భృతి మొదలవ్వాలా, చట్టబద్ధమైన మూసివేత దాకా ఆగాలా? మొదటిది చేస్తే యాజమాన్యాలు ఆ భారాన్ని ప్రభుత్వం నెత్తిన వేసి తప్పుకుంటాయన్న భయం నిజమే. ముందు ప్రభుత్వం చెల్లించి, తర్వాత ఆస్తి అమ్మినప్పుడు మొదటి వరసలో రాబట్టుకుంటే ఆ భయానికి కొంత విరుగుడు. ఈ దారిని మన చర్చ ఇంకా గట్టిగా పరీక్షించలేదు.

ఎవరు కార్మికుడన్నది మరో ముడి. పరిహారం మస్టర్ రోల్‌లో పేరున్నవాడికి. కాంట్రాక్ట్ కార్మికుడికి అసలు యజమాని కాంట్రాక్టర్ అంటారు, ఆ కాంట్రాక్టర్ అప్పటికే మారిపోయి ఉంటాడు. లోడింగ్ హమాలీ, వెదురు నరికే గిరిజనుడు, గేటు ఎదుటి టీ బండి, క్యాంటీన్లో పాత్రలు తోమే ఆడమనిషి ఏ జాబితాలోనూ లేరు. ఊరికి సాయం చేయాలన్నవారి వాదం ఇక్కడే బలంగా నిలుస్తుంది. ఈ మనుషులకు చేరే దారి ఊరి గుండానే పోతుంది.

ఈ ముడులన్నీ ఒక్కచోట చూడాలంటే బోధన్ వెళ్లాలి. నిజాంసాగర్ నీళ్లు, ఆ నీళ్ల కింద చెరుకు, ఆ చెరుకుతో 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు వెళ్లింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లకు లేఆఫ్ ప్రకటించారు. మూసివేత అనలేదు. రైతులే సహకార సంఘంగా నడపాలన్న ప్రతిపాదన వచ్చింది, ముందుకు కదల్లేదు. 2019లో లిక్విడేషన్ ఆదేశం వచ్చింది. 2024లో ప్రభుత్వం పునరుద్ధరణపై కమిటీ వేసింది. ఈలోగా ఆ ఆయకట్టు రైతు చెరుకు తీసేసి వరి వేశాడు. చెరుకు కొట్టే ముఠాలు వేరే పనులకు మళ్లాయి. ఇప్పుడు ఫ్యాక్టరీ తెరవాలంటే ముందు చెరుకు ఎంత విస్తీర్ణంలో వేస్తారో చెప్పమని రైతును అడుగుతున్నారు. ముందు బాయిలర్ రాజేయండి, తర్వాత విత్తనం చెరుకు తెస్తామని రైతు అంటున్నాడు.